మీరావలి చూసిన లైటు

నేను ఒక చిన్న లైటుని. కారు స్టీరింగు వెనక, స్పీడు చూపించే ముల్లుకి కాస్త కిందుగా, కందిగింజంత చోటులో ఉంటాను. వెలిగితే పసుపుపచ్చగా ఇంజను బొమ్మ కనిపిస్తుంది. ఇంజను బొమ్మ అని నేనంటున్నాను గానీ చూసినవాళ్ళెవరికీ అలా అనిపించలేదు. ఒకావిడ బిందె అంది, ఒకాయన కుళాయి అన్నాడు. వెనక సీట్లోంచి తొంగిచూసిన ఒక చిన్నపిల్ల మాత్రం తొండం విరిగిన ఏనుగనుకుని చాలాసేపు జాలిపడింది.

నా ఉద్యోగం చాలా చిన్నది. ఇంజనులో ఏదైనా తేడా వస్తే, లోపలుండే కంప్యూటరు నన్ను వెలగమంటుంది. అది మా పై అధికారి. నేను వెలుగుతాను. ఏ తేడా, ఎక్కడ, ఎంత ప్రమాదం అని చెప్పే నోరు నాకివ్వలేదు. తేడా పోయి, బండి మూడుసార్లు స్టార్టయి సజావుగా నడిస్తే, ఇక చాల్లే ఆరిపో అంటారు. ఆరిపోతాను. ఈ మూడుసార్ల రూలు వల్ల ఒక మనిషి కొంప మునిగింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

నేను పుట్టింది మద్రాసు దగ్గర ఒక ఫ్యాక్టరీలో. నీలం టోపీ పెట్టుకున్న ఒక అమ్మాయి నన్ను వెలిగించి చూసి, బాగానే ఉందన్నట్టు తలూపి, పక్కకి జరిపింది. నేను వెలిగినందుకు సంతోషించిన మనిషి నా జీవితంలో ఆవిడొక్కతే. ఆ తర్వాత నన్ను చూసి మొహం చిట్లించనివాళ్ళు లేరు.

మా కారుని మొదట కొన్నది బాపట్లలో పశువుల డాక్టరు కస్తూరి గారు. ఆవిడ కంపెనీవాళ్ళు చెప్పిన తేదీకి సర్వీసు చేయించేది, గుంత కనిపిస్తే దిగి చూసి మరీ దాటించేది. ఒకసారి కాలు విరిగిన దూడని వెనక సీట్లో పడుకోబెట్టుకుని పదహారు మైళ్ళు తీసుకెళ్ళింది. సీటు నెల రోజులు వాసనేసినా ఆవిడ పట్టించుకోలేదు. ఆవిడ దగ్గరున్న ఏడేళ్ళూ, తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు వెలిగి హాజరు పలకడం తప్ప నాకు పని లేకపోయింది. తర్వాత ఆవిడకి అనంతపురం బదిలీ అయింది, కారు అమ్మేసింది.

కొన్నది చిలకలూరిపేటలో మందుల షాపు పానకాలరావు గారు. అరవై దాటిన మనిషి, చెడ్డవాడు కాదు. మందులకొచ్చిన ముసలివాళ్ళకి ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కవరు మీద రాసి, రెండుసార్లు చదివించి మరీ పంపుతారు. కాకపోతే ఒక మాట అనుకున్నారంటే అనుకున్నట్టే. దాన్ని మళ్ళీ తిరగేసి చూసుకునే అలవాటు ఆయనకి లేదు. గుంటూరు ఆస్పత్రులకి వెళ్ళే రోగులకి అద్దెకి తిప్పడానికి మా కారు కొని, మీరావలిని డ్రైవరుగా పెట్టుకున్నారు.

మీరావలికి నలభై అయిదేళ్ళుంటాయి. సన్నటి మనిషి. బండిని బండి అనడు, మనోడు అంటాడు. "మనోడికి ఇయ్యాల గాలి తక్కువయింది," "మనోడు ఎండకి అలిసిపోయాడు," ఇలా ఉంటుంది అతని వరస. పొద్దున్నే తాళం తిప్పి, మేమందరం హాజరు పలికేదాకా ఆగి, అప్పుడు స్టార్టు చేస్తాడు. డ్యాష్‌బోర్డు మీద ఇన్ని లైట్లున్నాయని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అర్థముందని తెలిసిన డ్రైవరు దొరకడం నా అదృష్టం. అదే అతని దురదృష్టం అయింది.

వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు అనసూయమ్మ గారిని గుంటూరు తీసుకెళ్ళాలి. ఆవిడకి మూత్రపిండాలు పనిచేయడం లేదు, డయాలసిస్ చేయిస్తున్నారు. వెనక కూర్చుంటే వాంతి వస్తుందని ముందు సీట్లోనే కూర్చుంటుంది. దారి పొడుగునా మీరావలితో కూరల గురించి మాట్లాడుతుంది. ఆవిడ తినకూడనివే అన్నీ, వాటి గురించే మాట్లాడుతుంది. గోంగూర ఎలా వేయించాలో మీరావలికి కనీసం ఇరవైసార్లు చెప్పింది. అతను ప్రతిసారీ మొదటిసారి వింటున్నట్టే విన్నాడు.

ప్రతి అమావాస్యకీ పొద్దున్నే పానకాలరావు గారు తడి తలతోనే వచ్చి, బండి ముందు కొబ్బరికాయ కొట్టి, దిష్టికి ఒక నిమ్మకాయా ఏడు పచ్చిమిరపకాయలూ కట్టేవారు. ఆ పని డ్రైవరుకి చెప్పేవారు కాదు. "ఇది మాత్రం నా చేత్తోనే కట్టాలిలేవయ్యా," అనేవారు. మొదట్లో దారంతో కట్టేవారు. హైవే గాలికి దారం తెగి కాయ ఎక్కడో పడిపోతుండడంతో, ఈ వేసవిలో మేడ మీద గది వేయించినప్పుడు మిగిలిన ఇనప తీగతో కట్టడం మొదలుపెట్టారు. ముందున్న జాలీలోంచి తీగ దూర్చి గట్టిగా మెలేసేవారు.

జూన్ నెలాఖర్లో ఒకరోజు, యడ్లపాడు దాటాక, నాకు పై నుంచి ఆర్డరు వచ్చింది. ఇన్నేళ్ళకి మొదటి ఆర్డరు. వెలిగాను. మీరావలి వెంటనే చూశాడు. బండి పక్కకి తీసి, బానెట్ లేపి, ఆయిలు చూసి, నీళ్ళు చూసి, ఏమీ కనిపించక మెల్లగా నడుపుకుంటూ ఊరు చేరాడు. మర్నాడు నేను ఆరిపోయాను. జులైలో మళ్ళీ మూడు రోజులు వెలిగి ఆరిపోయాను. ఆగస్టులో కూడా అంతే. ఎందుకు వెలగమంటున్నారో, ఎందుకు ఆరమంటున్నారో నాకూ తెలియదు.

ఊళ్ళో మెకానిక్కు దగ్గర, బండిలో ఏ తేడా ఉందో కోడు అంకెల్లో చూపించే స్కానరు ఉంది. బండి వైద్యంలో అతని పద్ధతి ఒకటే. స్కానరు తగిలించడం, ఏ కోడు వచ్చిందో సరిగ్గా చూడకుండానే చెరిపేయడం, "ఏం లేదు, తీసుకెళ్ళు" అనడం. నేను ఆరిపోతే రోగం నయమైనట్టే అతని లెక్క. ఒకసారి ప్లగ్గులు మార్చాడు, ఒకసారి గాలి ఫిల్టరు మార్చాడు. పానకాలరావు గారు ఆదివారాలు ఊళ్ళోనే బండి నడిపి చూసేవారు. ఊళ్ళో ముప్ఫై దాటని స్పీడులో నేనెప్పుడూ వెలగలేదు. ఆయన మనసులో ఒక అనుమానం మొలిచింది. అనుమానం బండి మీద కాదు, మీరావలి మీద.

సెప్టెంబరులో ఒక గురువారం, అనసూయమ్మ గారు బండిలో ఉండగా, నేను మామూలుగా కాకుండా వెలిగి ఆరుతూ వెలిగి ఆరుతూ ఉన్నాను. బండి రెండు మూడు కుదుపులు కుదిపింది. అలా మినుకుమంటే వెంటనే ఆపేయాలని మీరావలికి తెలుసు. ఆపేశాడు. ఫోను తీశాడు.

"సార్, ఇంజన్ లైటు ఎలిగి ఆరుతా ఉంది. జర్కులు కూడా వొస్తా ఉండయ్. అమ్మగారు బండ్లో ఉంది సార్, తొందరగా ఇంకో బండి పంపియ్యండి."

"మళ్ళా లైటా?" అన్నారు అవతల నుంచి.

ఇంకో బండి దొరికి వచ్చేసరికి గంటన్నర పట్టింది. అనసూయమ్మ గారిని అందులో పంపించి, మీరావలి ఒక్కడే ఎండలో నిలబడ్డాడు. ఉండబట్టలేక తాళం తిప్పి చూశాడు. స్టార్టయింది. కాస్త ముందుకి, కాస్త వెనక్కి నడిపి ఆపాడు. మళ్ళీ తిప్పాడు. అలా నాలుగైదుసార్లు తిప్పాడు. మూడుసార్లు సజావుగా నడిస్తే ఆరిపొమ్మనే రూలు గురించి అతనికెవరు చెప్పారు? పానకాలరావు గారు స్కూటరు మీద వచ్చేసరికి నేను ఆరిపోయి ఉన్నాను. పాపం, సాక్ష్యాన్ని తన చేత్తోనే తుడిచేసుకున్నాడు.

"ఏదయ్యా? యాడ ఎలుగుతా ఉంది?" అన్నారు పానకాలరావు గారు కిటికీలోంచి తొంగిచూసి.

మీరావలి నా వంక చూశాడు. అలాంటి చూపు నా మీద ఎప్పుడూ పడలేదు. ఒక్కసారి వెలగాలని ఎంత తన్నుకున్నానో నాకే తెలుసు. ఆర్డరు లేనిదే వెలిగే శక్తి నాకు లేదు. సిగ్గేసింది.

ఆ రోజు డయాలసిస్ ఆలస్యమై అనసూయమ్మ గారికి రెండు రోజులు ఊపిరి సరిగా ఆడలేదు. మూడో రోజు షాపు ముందు, నా ఎదురుగానే పానకాలరావు గారు మీరావలి సంగతి తేల్చేశారు.

"నాలుగు నెలల నుంచి ఇదే పాట. మెకానిక్కు చూశాడు, ఏం లేదన్నాడు. నేను తోలి చూశాను, ఏం లేదు. నీ ఒక్కడి కంటికే కనిపిచ్చే లైటేందయ్యా అది?"

"సార్, నా బిడ్డల మీద ఒట్టు సార్."

"ఒట్లెందుకులే. దూరం పోవటానికి బద్ధకమైతే ఆ మాట చెప్పాల. పేషెంటుని రోడ్డు మీద ఆపినోడు నాకొద్దు. తాళం ఇట్టా ఇయ్యి."

మీరావలి తాళం గల్లా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఇంకో ముగ్గురు నలుగురు బండ్లవాళ్ళు పానకాలరావు గారిని అడిగితే, "రోగిని దారిలో ఆపేసే రకం," అని చెప్పారు. ఎవరూ అతన్ని పెట్టుకోలేదు. అతను మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోయడానికి పోతున్నాడని బండిలో ఎక్కినవాళ్ళు అనుకుంటుంటే విన్నాను. అనసూయమ్మ గారికి మాత్రం, ఆవిడకి అతనంటే అభిమానమని తెలుసు కాబట్టి, ఒంట్లో బాగోక మానేశాడని చెప్పి ఊరుకున్నారు. ఇక బండి ఆయనే నడపడం మొదలుపెట్టారు.

దీపావళి వెళ్ళిన రెండో రోజు, మందుల సరుకు కోసం ఒక్కరే గుంటూరు వెళ్తుంటే, యడ్లపాడు దాటాక నేను వెలిగాను. పానకాలరావు గారు చూశారు. రెప్పవేయకుండా చూశారు. తర్వాత, రోడ్డు మీద ఎవరైనా గమనించారా అన్నట్టు అటూ ఇటూ చూశారు. బండిలో ఆయనా నేనూ తప్ప ఎవరూ లేరు. నాకు నిజంగా సంతోషమేసింది, ఇక మీరావలికి ఫోను చేస్తారనుకున్నాను.

చేయలేదు. ఆ రాత్రికి రాత్రే ఆయన ఏమాలోచించుకున్నారో గానీ, తెల్లారేసరికి భార్య అద్దానికి అంటించుకున్న ఎర్ర బొట్టుబిళ్ళ ఒకటి పీక్కొచ్చి, సరిగ్గా నా మొహం మీద అంటించారు. ఏడేళ్ళు హాజరు పలికి, నాలుగు నెలలు నిజం చెప్పినందుకు నాకు దక్కిన మర్యాద అది. మంగళవారం అనసూయమ్మ గారు చూసి, "ఇక్కడ బొట్టు పెట్టారేంటండీ?" అని అడిగింది. "మంచిదిలే అమ్మా," అన్నారాయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నేను బిళ్ళ వెనక వెలుగుతూ ఆరుతూ ఉన్నాను. అంచుల్లోంచి కాస్త పసుపు తెలిసేది. ఆయన దాన్ని చూడకుండా ఉండలేకపోయేవారు, చూసి ఊరుకోనూలేకపోయేవారు. ఒకరోజు బండి నడుపుతూ భార్యతో ఫోనులో అన్నారు.

"క్యాలెండరు చూశానే. మొన్న దీపావళి అమావాస్య. అంతకుముందు బండి ఆగింది మహాలయ అమావాస్యకి వెనకాలే. ఇది మెకానిక్కుల వల్ల అయ్యేది కాదు. ఎవడిదో గట్టి కన్ను పడింది మన బండి మీద."

అమావాస్యకీ నాకూ సంబంధం ఉందని కనిపెట్టినందుకు ఆయన్ని మెచ్చుకోవలసిందే. మందు మాత్రం తిరగబడింది. తర్వాతి అమావాస్యకి ఒక్క నిమ్మకాయ చాలదని, కొబ్బరికాయంత గజనిమ్మకాయలు రెండు తెచ్చి, తీగ రెట్టింపు చేసి, లాగి కట్టారు. మర్నాడు గుంటూరు దారెక్కగానే నేను వెలిగాను. ఈసారి ఆరలేదు. బండి దగ్గుతూ, కుదుపుతూ, ఎద్దుబండ్లకి కూడా దారిచ్చి, ఎలాగో గుంటూరు ఆటోనగరు చేరింది. ఆయన ఒక్కరే ఉండడం మంచిదయింది.

అక్కడ దేవదానం అనే ఆటో ఎలక్ట్రీషియను ఉన్నాడు. యాభై అయిదేళ్ళ మనిషి, కళ్ళద్దాలకి దారం కట్టుకుని మెళ్ళో వేసుకుంటాడు. తలుపు తీసి కూర్చుని, ముందుగా నా మొహం మీది బిళ్ళని గోటితో లేపాడు.

"ఇదెవరు పెట్టారు సార్?"

"నేనే. ఊరికే ఎలుగుతా ఉంటేనూ..."

"మీది మందుల షాపు అంటిరి. జ్వరమొచ్చినోడి నోట్లో థర్మామీటరు పెట్టి, దాన్ని గుడ్డతో కప్పుతారా సార్?"

దేవదానం స్కానరు పెట్టాడు. కోడు చెరపలేదు. ముందు దాన్ని గోడ మీద సుద్దముక్కతో రాశాడు. ఇంజను పొగలో ఆక్సిజన్ని కొలిచే సెన్సారు వైరులో ఎక్కడో షార్టు అని దానర్థం. రాసి, స్టూలు లాక్కుని కూర్చుని, తీరిగ్గా అడగడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళ నుంచి? వేసవి తర్వాత నుంచి. ఊళ్ళోనా, హైవే మీదా? హైవే మీద. ఎన్ని రోజులుంటుంది? మూడు, నాలుగు రోజులు. ఎప్పుడెప్పుడు? ఇక్కడ పానకాలరావు గారు కాస్త నీళ్ళు నమిలి, "అమావాస్యకి," అన్నారు.

దేవదానం నవ్వలేదు. నవ్వుతాడనుకున్నాను. కాసేపు గడ్డం గోక్కుని అడిగాడు.

"అమావాస్య రోజు మీరు బండికి ఏం జేస్తారు సార్? మామూలు రోజుల్లో జెయ్యనిది?"

"ఏం చేస్తానయ్యా, కొబ్బరికాయ కొట్టి నిమ్మకాయలు కడతాను."

"యాడ కడతారో చూపీండి."

బానెట్ లేచింది. దేవదానం తీగ వెంట వేలు పెట్టి పోనిచ్చాడు. జాలీ వెనక, రేడియేటరు పక్కన వైర్ల కట్ట ఒకటి పోతుంది. పానకాలరావు గారు తీగని మెలేసింది సరిగ్గా దానికే. ఆరు నెలలుగా గాలికి ఊగుతూ, లాగుతూ, ఆ తీగ ఒక వైరు తొడుగుని రంపంలా కోసేసింది. లోపల రాగి తళతళమంటోంది. దేవదానం ఇంజను స్టార్టు చేయించి, గజనిమ్మకాయల్ని అరచేతిలోకి ఎత్తి పట్టుకున్నాడు. ఇంజను దగ్గు ఆగింది. వదిలాడు. మళ్ళీ దగ్గు. ఎత్తాడు, వదిలాడు. చిన్నపిల్లల ఆటలా నాలుగుసార్లు చేసి చూపించాడు.

"తాజా కాయ బరువుగా ఉంటది సార్. గాలికి ఊగినప్పుడు తీగ లాగి రాగికి తగులుద్ది. నాలుగు రోజులకి కాయ ఎండి తేలికైపోద్ది, తగలదు. మీ లైటు అమావాస్యకి ఎలగటం అందుకే. బండి తోలే డ్రైవరు ఎవరూ మీకు చెప్పలేదా?"

"చెప్పాడు," అన్నారు పానకాలరావు గారు.

వైరుకి కొత్త తొడుగు వేయడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. తిరుగు దారిలో ఆయన రేడియో పెట్టలేదు, ఎవరికీ ఫోను చేయలేదు. యడ్లపాడు దగ్గర, మీరావలి ఆ రోజు ఆపిన చోటే బండి ఆపి, కాసేపు ఊరికే కూర్చున్నారు. తర్వాత షాపుకి పోకుండా నేరుగా కోల్డ్ స్టోరేజీకి పోనిచ్చారు.

మీరావలి బస్తా దించి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. రెండు నెలల్లో భుజం ఒక పక్కకి వంగింది. మిర్చి ఘాటుకి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పానకాలరావు గారు బండి దిగి, తీగ సంగతంతా చెప్పారు. దేవుడి మీదా దిష్టి మీదా నెట్టకుండా, కట్టింది తానేనని కూడా చెప్పారు. రేపటి నుంచి పనిలోకి రమ్మన్నారు. మీరావలి మొత్తం విన్నాడు.

"పని సంగతి తర్వాత సార్. ముందు మీరు అనసూయమ్మ గారి దగ్గరికి రావాల. ప్రాణం మీదున్న మనిషిని అబద్ధమాడి రోడ్డు మీద ఆపానని ఆయమ్మ అనుకుంటా ఉంటే నాకు అన్నం సయించట్లా. లైటు ఎలిగిందని ఆమెతో ఒక్క మాట చెప్పండి. అంతే నాకు."

పానకాలరావు గారికి అది బస్తా మోయడం కన్నా బరువని నాకు కనిపించింది. అయినా కాదనలేదు. ఇద్దరూ బండెక్కారు.

అనసూయమ్మ గారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. బండి గుమ్మం ముందే ఆగింది, అద్దాలు దించే ఉన్నాయి. మీరావలి మెట్ల కింద నిలబడ్డాడు. పానకాలరావు గారు నిలబడే చెప్పారు.

"అనసూయమ్మ గారూ, ఆ రోజు మీరు దారిలో ఇబ్బంది పడింది మీరావలి వల్ల కాదమ్మా. బండిలో లైటు నిజంగానే వెలిగింది. తప్పు నాది."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది.

"వెలగటమేంటండీ, నేను చూశానుగా. ముందు సీట్లో పక్కనే కూర్చుంటిని. పసుపుపచ్చగా ఆరతా ఎలగతా ఉంది. మీరావలి ఆపకపోతే ఏమయ్యేదో అని ఆ రోజు దేవుడికి దణ్ణం కూడా పెట్టుకున్నా. నన్నెవరూ అడగలేదు, అడిగితే చెప్పేదాన్ని." ఒక క్షణం ఆగి, మీరావలి మొహం చూసింది, వంగిన భుజం చూసింది. "అయితే ఇదేంటి, ఒంట్లో బాగోక మానేశాడని చెప్పారే మీరు?"

పానకాలరావు గారు నోరు తెరిచారు. చేతిలో ఉన్న తాళాన్ని ఊరికే తిప్పుతూ నేల చూశారు. ఆయనకి ఎంత సిగ్గేసిందో, కారులో కూర్చున్న నాకే తెలిసింది.

"నిజమేనమ్మా," అన్నాడు మీరావలి మెట్ల కింద నుంచి. "వొంట్లో అసలు బాగోలేదు. రెండు నెలలు మంచాన పడ్డా. ఇప్పుడు నెమ్మదిచ్చింది."

అతను అబద్ధం చెప్పగా నేను విన్నది అదొక్కటే.